సన్నాయి ఊదేవాడి బీపీ

సాంతియాగో దె క్యూబా. జూన్ నెల, ఉదయం తొమ్మిది గంటలు. కొండవాలు వీధిలో రిటైరైన నర్సు ఎనెయిదా ఇంటి వరండా. ఎదురింటి ఎవేలియో చొక్కా చెయ్యి పైకి మడిచి, బీపీ చూపించుకోవడానికి ఊగుడు కుర్చీలో కూర్చున్నాడు.

"కుర్చీ ఊపకు. ఊపకని చెప్పానా?"

"నేను ఊపడం లేదు వదినా. అదే ఊగుతోంది."

"పాదాలు నేలకి ఆనించు. కాలు మీద కాలు తియ్యి. నోరు ముయ్యి."

"మూశాను."

"మూసినవాడివి మాట్లాడతావేం, ఎవేలియో?"

"నువ్వే కదా..."

"ష్!"

"..."

"..."

"ఎంతుంది?"

"ఆగు."

"ఎంతుంది వదినా? ముల్లు నీవైపు తిప్పుకున్నావు, నాకేం కనపడదు."

"ముల్లు ఎప్పుడూ నావైపే ఉంటుంది. ఇవాళ కొత్తగా అడుగుతావేం? ఏదీ, ఆ రెండో చెయ్యి ఇలా ఇవ్వు."

"రెండో చెయ్యా? రెండో చెయ్యి ఎప్పుడూ చూడలేదే!"

"ఇవాళ చూస్తాను."

"అయితే బాగా పెరిగిందన్నమాట."

"మాట్లాడితే ఇంకా పెరుగుతుంది. మాట్లాడకు."

"..."

"నూట ఎనభై ఆరు. కింద నూట పన్నెండు."

"అమ్మ బాబోయ్! పోయినవారం నూట డెబ్బై అన్నావుగా?"

"అన్నాను. కాఫీ తాగొచ్చావా?"

"కాఫీ ఎక్కడిది? రేషన్ పొడి అయిపోయి పదిరోజులైంది."

"ఉప్పు?"

"ఉప్పు మాట ఎత్తకు. మూడు నెలలైంది దాని మొహం చూసి. మిగ్దాలియా ఉప్పు డబ్బా ఎక్కడ దాచిందో ఇప్పుడు దానికే గుర్తులేదు. ఇంటిల్లిపాదిమీ చప్పిడి తిండే. మొన్న పెళ్ళిరోజుకి పంది మాంసం వండింది వదినా, అదీ చప్పిడే. ఆ పంది అన్యాయంగా చచ్చిపోయింది."

"నవ్వించకు. నిమ్మగడ్డి కషాయం తాగుతున్నావా?"

"రోజుకి మూడు లోటాలు. మా పెరట్లో గడ్డి అయిపోతే పక్కవాళ్ళ పెరట్లో కోస్తున్నాను. ఇంకొన్నాళ్ళు పోతే గుర్రంలా సకిలిస్తాను."

"కొండ పరిగెత్తుకుంటూ ఎక్కావా పొద్దున్న?"

"పరిగెత్తడమా! మా మేడకి పద్నాలుగు మెట్లు. మెట్టు మెట్టుకీ ఆగి నాడి పట్టుకుని చూసుకుంటున్నాను. పోస్టుమాన్ నన్ను చూసి, 'ఏంటి సన్నాయి బాబూ, మెట్లు కొలుస్తున్నావా' అని ఎగతాళి చేశాడు."

"ఎవరితోనైనా గొడవ పడ్డావా?"

"లేదు."

"నిజం చెప్పు."

"కారిదాద్ తల్లి మీద ఒట్టు, లేదు."

"మరి ఇదెలా వచ్చింది? ఇది... ఇది నిజంగానే ఉందే!"

"నిజంగానే ఉండడమేంటి? ఇన్నాళ్ళూ ఉత్తుత్తిగా ఉందా?"

"అది కాదు. ఎక్కువగా ఉంది అంటున్నాను. వెనక్కి ఆనుకో. ఈ మాత్ర వేసుకో, నీళ్ళు ఇవిగో."

"ఇది నీ మాత్ర కదా వదినా! మందుల షాపులో నెలన్నరగా లేవు. నీకో?"

"నాకున్నాయిలే."

"ఎన్నున్నాయి?"

"ఉన్నాయన్నానుగా! మింగు."

"..."

"పావుగంట కదలకు. మళ్ళీ చూస్తాను. తగ్గకపోతే మిగ్దాలియాని పిలిచి ముగ్గురం పాలీక్లినిక్ కి పోదాం."

"అదిగో. వింటున్నావా?"

"ఏంటి?"

"మీ యోర్దానిస్. మిద్దె మీద మొదలెట్టాడు."

"నా మనవడే కదా, పొద్దున లేస్తే నా చెవి పక్కనే వాడి సాధన. వింటున్నాను."

"ఆ మలుపు దగ్గర ఊపిరి తెంపేస్తున్నాడు చూడు. అక్కడ తెంపకూడదు. కొంగా ఊరేగింపులో ఎన్ని డోళ్ళు మోగినా జనం చెవి చైనా సన్నాయి మీదే ఉంటుంది. అది తెగితే వెనకాల వచ్చే రెండువేల మంది కాళ్ళూ తడబడతాయి. వాడికి చెప్పు. ముక్కుతో తీసుకుంటూ, బుగ్గల్లో దాచుకుని, బుగ్గలతో వదలాలి."

"నువ్వే చెప్పరాదూ?"

"చెబుతాను. చెప్పాలి కదా. వాడే ముందు నడుస్తాడు ఇక."

"ఎవరన్నారు?"

"ఎవరనాలి? నూట ఎనభై ఆరుతో నన్ను ముందు నడవనిస్తారా? శనివారానికి కార్నివాల్ కమిటీకి నీ చీటీ అందాలి. 'ఎనెయిదమ్మ ఊదొచ్చని రాస్తే ఎవేలియో, వద్దని రాస్తే యోర్దానిస్.' అంతే అన్నారు. నీ చీటీ మీద ఎవడూ నోరెత్తడు ఈ పేటలో."

"అవును. ఇప్పుడు ఎవరూ నోరెత్తరు."

"ముప్పై రెండేళ్ళు నడిచాను వదినా. ఇంకొక్క కార్నివాల్ నడిస్తే చాలనుకున్నాను. ఒక్కటి. ఈ వీధి పైనుంచి కింద మార్తీ బాట దాకా. తర్వాత సన్నాయి నేనే తుడిచి మీ వాడి చేతిలో పెడదామనుకున్నాను. పోనీలే. రాసిపెట్టి లేదు."

"ఎవేలియో..."

"నువ్వేం చేస్తావు? అంకె అంకే కదా. నిన్నేమీ అనడం లేదు. నువ్వు చెప్పబట్టే ఇన్నాళ్ళయినా బతికున్నాను. మిగ్దాలియా రోజూ దండం పెట్టేటప్పుడు నీ పేరు కూడా చెబుతుంది తెలుసా?"

"చెప్పొద్దని చెప్పు దానికి."

"ఎందుకు?"

"చెప్పొద్దని చెప్పంటే చెప్పు! అంతే."

"అరుస్తావేం? సరే. వదినా... అసలు నేను ఇవాళ బీపీకి రాలేదు."

"మరి?"

"అంటే, దానికీ వచ్చాను. ఇంకో పని కూడా ఉంది. రెండు వారాలుగా అందరి దగ్గరికీ వెళుతున్నాను. ముప్పై ఏళ్ళ కిందట విల్ఫ్రెదో దగ్గర తీసుకున్న డామినో పెట్టె తిరిగిచ్చేశాను. రెండు ముక్కలు తక్కువయ్యాయి, తిట్టాడనుకో. మా తమ్ముడితో పదకొండేళ్ళుగా మాటల్లేవు, మొన్న బస్సెక్కి వెళ్ళి మాట్లాడొచ్చాను. నాన్న గొడుగు వాడే ఎత్తుకుపోయాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను, తీరా చూస్తే మా ఇంట్లోనే ఉంది. అలా... అన్నీ సర్దుకుంటున్నాను."

"చచ్చిపోతున్నవాడిలా మాట్లాడతావేం?"

"రాత్రి పడుకుంటే దిండులో గుండె చప్పుడు వినిపిస్తుంది వదినా. ధన్, ధన్, ధన్. ఒక్కోసారి ఒకటి తప్పుతుంది. అప్పుడు లేచి కూర్చుంటాను. తెల్లారేదాకా కూర్చునే ఉంటాను. అలా కూర్చున్నప్పుడు ఏమేమో గుర్తొస్తాయి. అందుకని నీకొక మాట..."

"ఏవండోయ్! అక్కా! ఎంతుంది ఆయనకి?"

"అదిగో మిగ్దాలియా. మేడ మీద నుంచే కేక. చెప్పకు, చెప్పకు వదినా. ఏదో ఒకటి చెప్పెయ్యి."

"బాగానే ఉంది మిగ్దాలియా! కాస్త కూర్చోమన్నాను!"

"సరే అక్కా! మొన్న పక్కింటావిడ ఇచ్చిన కేకులో కాస్త ఉప్పు తగిలిందని నా అనుమానం! కనుక్కో!"

"కనుక్కుంటానులే! నువ్వు లోపలికి పో, ఎండ!"

"ఎంత బాగా అబద్ధం చెప్పావు వదినా! మొహంలో ఒక్క గీత కదల్లేదు."

"అలవాటైపోయింది."

"నీకా? అబద్ధమా? ఆ మాట పేటలో చెబితే నన్ను తంతారు."

"తన్నాల్సింది నిన్ను కాదు. ఎవేలియో, నాకేసి చూడు. అటు కాదు, నాకేసి. మార్చి నెలలో మొదటిసారి నీకు బీపీ ఉందని చెప్పాను చూడు."

"నూట డెబ్బై బై నూట పది. మర్చిపోతానా?"

"నూట ఇరవై నాలుగు."

"ఏంటది?"

"ఆ రోజు నీ బీపీ. నూట ఇరవై నాలుగు, కింద డెబ్బై ఎనిమిది. చిన్నపిల్లాడికి ఉన్నట్టుంది. ముల్లు చూసి, నోటితో నూట డెబ్బై అన్నాను."

"తప్పు చూశావా?"

"తప్పు చూడలేదు. తప్పు చెప్పాను."

"పొరపాటున..."

"పొరపాటున కాదు. కావాలని."

"హ హ హ! వదినా, నీకు హాస్యాలు కూడా వచ్చా?"

"నవ్వకు."

"హ... నువ్వు నవ్వడం లేదే?"

"లేదు."

"ఆగు. ఆగు. అంటే... మూడు నెలలు... ఉప్పు లేకుండా, రమ్ము వాసన కూడా చూడకుండా, ఆ గడ్డినీళ్ళు... సన్నాయిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను! మా ఆవిడ రోజూ ఏడుస్తోంది! అదంతా నువ్వు కావాలని?"

"అవును."

"నువ్వు! ఎవరో కాదు, నువ్వు! ఈ పేటలో పుట్టిన ప్రతి వెధవా మొదటి సూది నీ చేత్తోనే వేయించుకున్నాడే!"

"నలభై ఒక్క ఏళ్ళు ఈ పట్టీ చుట్టాను. ఒక్క అంకె తప్పు చెప్పలేదు. ఒక్క నీ దగ్గరే చెప్పాను. తిట్టు. తిడితే వింటాను. కానీ కుర్చీలో కూర్చుని తిట్టు, లేవకు."

"ఎందుకు చేశావు?"

"యోర్దానిస్ కోసం."

"యోర్దానిస్ కోసమా?"

"వాడికి ఇరవై తొమ్మిది వచ్చాయి. ఆరేళ్ళుగా నీ వెనకాల నడుస్తూ ఊదుతున్నాడు. ఒక్క కార్నివాల్ అయినా వాడు ముందు నడవాలని, కళ్ళారా చూడాలని... ముసలిదాన్ని, స్వార్థం."

"వదినా, అడిగితే ఇచ్చేవాణ్ణి కదా! ఒక్క మాట. 'ఎవేలియో, ఈ ఏడాది మా వాడికి వదిలెయ్' అంటే చాలు."

"ఇచ్చేవాడివా?"

"ఇచ్చే... ఏమో. తెలియదు. ఈ ఏడాది కాకపోతే పై ఏడాది. నిజం చెప్పాలంటే ఇచ్చేవాణ్ణి కాదేమో. అయినా అడగాలి కదా!"

"అడగాలి. అడగాల్సినవాళ్ళు అడగరు. అదే వచ్చిన చిక్కు."

"ఆగు. పాలీక్లినిక్ లో కూడా చూశారు నాకు! నువ్వు చెప్పిన మర్నాడే వెళ్ళాను. అక్కడ కూడా నూట అరవై ఉందన్నారే! వాళ్ళూ అబద్ధమేనా?"

"వాళ్ళది నిజమే. నువ్వొచ్చి ఆ మాట చెప్పినప్పుడు నా కళ్ళే మోసం చేశాయా, నేను చెప్పిందే నిజమా అనుకున్నాను ఒక్క క్షణం. తర్వాత అర్థమైంది. నువ్వు భయపడుతూ వెళ్ళావు. రాత్రంతా నిద్రపోకుండా వెళ్ళావు. ఆ భయమే అంకెల్లో కనిపించింది."

"భయపడితే అంత పెరుగుతుందా?"

"ఎందుకు పెరగదు? కుక్క వెంటపడిందనుకో. గుండె గబగబా కొట్టుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, పరిగెత్తడానికి. కుక్క వెళ్ళిపోతే కాసేపటికి అంతా సర్దుకుంటుంది. నీ కుక్క వెళ్ళిపోలేదు, ఎవేలియో. మూడు నెలలుగా నీ మంచం పక్కనే కూర్చుంది. నిద్ర లేదు, నవ్వు లేదు, రోజుకి వందసార్లు నాడి పట్టుకోవడం. అలా ఉంటే ఎక్కిన బీపీ దిగమన్నా దిగదు. మొదటిరోజు అబద్ధం. ఏప్రిల్ కి నూట నలభై అయింది, అప్పుడూ నేను నూట డెబ్బయ్యే అన్నాను. మే నెలలో నూట అరవై. ప్రతి వారం నేను చెప్పే అబద్ధం దగ్గరికి నువ్వు ఒక్కో మెట్టు ఎక్కి వస్తున్నావు. ఇవాళ దాన్ని దాటేశావు."

"దాటేశానా? మరి అంత తెలిసీ ఎందుకు ఆపలేదు?"

"ఆపాలనే ప్రతిసారీ నోరు తెరిచాను. నువ్వొచ్చి, 'వదినా నీ చలవే' అనేవాడివి. నోరు మూతపడేది. మొదలుపెట్టినప్పుడు ఒక్క వారం అనుకున్నాను. తర్వాత ఇంకో వారం. నిద్ర నీకొక్కడికే పోయిందనుకున్నావా? నువ్వు రాత్రి వరండాలోకి వచ్చి కూర్చున్నప్పుడల్లా నేను ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

"చూస్తూ ఊరుకున్నావు."

"ఊరుకున్నాను."

"సరే... సరే. అంటే నేను చావడం లేదు."

"జాగ్రత్తగా ఉంటే చావవు. మందు వేసుకుని, నిద్రపోయి, ఈ భయం వదిలితే దిగొచ్చు. కానీ ఇప్పుడున్నది మాత్రం ఆట కాదు. పాలీక్లినిక్ కి వెళ్ళాల్సిందే. నేనూ వస్తాను. నేను చేసింది నేనే చెబుతాను వాళ్ళకి."

"చావడం లేదు! ఒసే మిగ్దాలియా..."

"అరవకు! కూర్చో! ఆ తర్వాత అరుద్దువుగాని."

"కోపం రావాలి కదా నాకు? వస్తోంది కూడా. కానీ ముందు నవ్వొస్తోంది. ఇంటికెళ్ళి ఒక ఉప్పురాయి నోట్లో వేసుకుంటాను."

"వేసుకుంటే పళ్ళు రాలగొడతాను. ఇందాక ఏదో చెప్పాలన్నావు?"

"ఎవరు? నేనా?"

"బీపీకి రాలేదు, ఒక మాట చెప్పాలని వచ్చానన్నావు. మిగ్దాలియా కేకేసింది."

"అదా! ఏం లేదు. ఏదో. ఇప్పుడు అక్కర్లేదులే."

"ఇందాక ఉన్న అవసరం ఇప్పుడెక్కడికి పోయింది?"

"ఇందాక చచ్చిపోతున్నాను కదా వదినా. చచ్చిపోయేవాడు ఏవేవో వాగుతాడు."

"బతికేవాడు వాగకూడదా?"

"ఏం లేదన్నానుగా! మీ పెరట్లో నిమ్మగడ్డి అడక్కుండా కోసుకున్నాను. అదీ మాట. చాలా?"

"దానికి అంత చెమటలెందుకు?"

"ఎండ."

"నీడలో కూర్చున్నావు. మన ఫెర్మీన్ కి కూడా అచ్చం ఇలాగే జరిగింది. గుర్తుందా నీకు?"

"గుర్తుంది. ఇప్పుడెందుకు వదినా ఫెర్మీనన్న మాట?"

"ఎందుకంటే ఈ భయం సంగతి నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు, మా ఆయన దగ్గర తెలిసింది. నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే చూసేదాన్ని ఆయనకి. నూట ఇరవై, ఎనభై. ఎప్పుడు చూసినా అంతే. సన్నాయి పట్టుకుని ముందు నడిస్తే పై వీధి దాకా వినిపించేది. ఎవడో పేరు లేకుండా కమిటీకి ఉత్తరం రాశాడు. ఫెర్మీన్ ఊదుతూ ఊదుతూ రెండుసార్లు కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు, ఊరేగింపు మధ్యలో ప్రాణం పోతే ఎవరిది పూచీ అని."

"తెలుసు వదినా. అందరికీ తెలిసిందే."

"సోయిలా అప్పుడు కమిటీ పెద్ద. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? డాక్టరు దగ్గర కాగితం తెమ్మంది. అక్కడ తెల్లకోటు మనిషి పట్టీ చుట్టగానే ఫెర్మీన్ కి చెమటలు. ఈ కాగితం రాకపోతే సన్నాయి పోతుందని భయం. నూట ఎనభై. మర్నాడు నూట తొంభై. ఇంటికొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెడితే నూట ఇరవై. నేను రాసిచ్చాను, సంతకం పెట్టి. 'పెళ్ళాం రాసిన చీటీ చెల్లదు' అన్నారు. ఇప్పుడు నా చీటీ మీద ఎవడూ నోరెత్తడు, చూశావా?"

"వదిలెయ్యి వదినా."

"ఆయన వదలలేదుగా. సన్నాయి పోయాక ఇంట్లో కూడా పెరగడం మొదలైంది. నూట నలభై, నూట అరవై. నీ అంకెలే. రాత్రిళ్ళు లేచి కూర్చునేవాడు. 'నేనెప్పుడు పడిపోయాను ఎనెయిదా, నాకు గుర్తులేదే' అనేవాడు. నిజంగా పడిపోయాడేమో, మతిమరుపొచ్చిందేమో అని ఆయనకే అనుమానం పట్టుకుంది. రెండో ఏడు కార్నివాల్ కి, కొంగా ఈ గుమ్మం ముందు నుంచి వెళుతుంటే, లోపల మంచం మీద..."

"చాలు."

"అప్పుడు ముందు నడుస్తున్నది నువ్వే."

"నాకు తెలియదు వదినా! కింద దాకా వెళ్ళాక ఎవరో చెప్పారు! తెలిస్తే ఆపేసేవాణ్ణి, కారిదాద్ తల్లి మీద ఒట్టు!"

"నిన్నేమీ అనడం లేదు. నీకు సన్నాయి నేర్పిందే ఆయన. తన చేత్తో నీకిచ్చాడు. 'మావాడికే పోయింది, బయటివాడికి పోలేదు' అని తృప్తిపడ్డాడు కూడా."

"అలా అన్నాడా?"

"అన్నాడు. చెయ్యి ఇవ్వు."

"మళ్ళీనా?"

"పావుగంట అయింది. ఇవ్వు. మాట్లాడకు."

"..."

"నూట తొంభై ఎనిమిది."

"మాత్ర వేశావుగా!"

"మాత్ర వేశాకే పెరిగింది. చావడం లేదని చెప్పాక కూడా పెరిగింది. ఇక ఆగకూడదు. మిగ్దాలియాని పిలుస్తున్నాను."

"వద్దు! పిలవకు. ఒక్క నిమిషం."

"నిమిషాలు లేవు ఎవేలియో. నేను చేసిన పాపం చాలు, ఇంకొకటి నెత్తినేసుకోలేను. మిగ్..."

"పిలవకు వదినా! దానికి తెలియకూడదు. దానికీ చెప్పలేదు నేను. ముప్పై రెండేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. పట్టీ విప్పు ముందు. ఆ ముల్లు చూస్తూ వినకు."

"విప్పాను. చెప్పు."

"అన్న ఎప్పుడూ పడిపోలేదు."

"ఊఁ."

"గోడ పట్టుకోలేదు. కళ్ళు తిరగలేదు. ఏమీ కాలేదు. అదంతా... నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు. ఎనిమిదేళ్ళుగా వెనకాల నడుస్తున్నాను. ఆయనేమో ఇంకో ఇరవై ఏళ్ళయినా దిగేలా లేడు. అడగడానికి నోరు రాలేదు. ఒక్క ఏడాది ఆయన్ని పక్కన కూర్చోబెడితే చాలనుకున్నాను. ఒక్క కార్నివాల్. తర్వాత ఆయన సన్నాయి ఆయనకే వెళ్ళిపోతుందనుకున్నాను. ఎడమ చేత్తో రాశాను, రాత తెలియకూడదని. ఆరు వాక్యాలు. ఆ ఉత్తరం రాసింది నేనే వదినా."

"..."

"ఆయన పాలీక్లినిక్ కి వెళ్ళేటప్పుడు తోడు కూడా వెళ్ళాను. బయట బల్ల మీద కూర్చున్నాను. బయటికొచ్చి 'మళ్ళీ పెరిగిందిరా' అంటే భుజం మీద చెయ్యేశాను. 'ఏం కాదులే అన్నా' అన్నాను."

"..."

"ఏదో ఒకటి అను వదినా. తిట్టు. ఆ మిషన్ తీసి నెత్తిన కొట్టు. ఊరికే అలా చూడకు."

"ఏమననూ? తెలిసిన సంగతే కదా."

"తెలిసిన... నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎవరు చెప్పారు? ఎవరికీ తెలియదే!"

"నువ్వు ఉత్తరం వేస్తుంటే సోయిలా కిటికీలోంచి చూసిందట. మంచాన పడ్డాక ఇక మోయలేక నన్ను పిలిపించింది. దిండు కింద నుంచి ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టింది. ఆరు వాక్యాలే. ఎడమచేతి రాత."

"మరి యోర్దానిస్ కోసమన్నావు?"

"అదొక్కటే ఇవాళ నీకు చెప్పిన అబద్ధం."

"సోయిలా చెప్పి... ఎన్నాళ్ళయింది వదినా? ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"నీకు బీపీ వచ్చిన రోజు నుంచి."